మల్లట్ దారిలో వెనక మోగిన బెల్లు

మా వీధిలో ఎవరైనా దిష్టి తీసి నిమ్మకాయ మూడు దార్ల దగ్గర పడేస్తే, దాన్ని కాలితో పక్కకు తన్ని పనికి వెళ్ళే రకం నేను. దయ్యాల కథలు చెప్పేవాళ్ళను బాగా ఆట పట్టించాను కూడా. ఇప్పుడు నన్ను ఎవరైనా ఆట పట్టించినా పడతాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది రాయచూరు. నేను పత్తి మిల్లులో సూపర్‌వైజర్‌ని. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు నా తమ్ముడు సీను చావు తప్పి బయటపడ్డాడు. తగ్గాక వాడు గది వదిలి రావడం మానేశాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కాస్త గాలి తగిలేలా బయట తిప్పమని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే ఊరి బయటికి సైకిళ్ళ మీద తీసుకెళ్దామని నేనే ఏర్పాటు చేశాను. మేమిద్దరం, మిల్లులో నాతో పనిచేసే ఇద్దరు, నా చిన్ననాటి స్నేహితుడు నాగేశ్.

అమ్మ ససేమిరా అంది. ఒప్పించింది నాగేశే. “సీనుగాని ఎన్కల నేనుంట గదమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు. ఆన్ని ఇడిచిపెట్టి నేను యాడికి పోత?” అన్నాడు. అమ్మ నా మాట నమ్మలేదు, అతని మాట నమ్మింది.

అప్పట్లో గుంపుగా తిరగనిచ్చేవాళ్ళు కాదు. ఊరు దాటే చోట పోలీసులు బారికేడ్లు పెట్టారు. అందుకని మేమొక తెలివితక్కువ తెలివి చూపించాం. ఒకరికొకరు తెలియనట్టు, ఎవరి పొలానికి వాళ్ళు పోతున్నట్టు, ఎడం ఎడంగా దాటాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. దాటాక కూడా దూరం దూరంగానే వెళ్ళాలి. ముందున్న నేను బెల్లు కొడితే వెనక వాళ్ళు వరసగా కొట్టాలి. అందరికంటే చివర నాగేశ్. అతని బెల్లు దగ్గరలో వినిపిస్తే, అతని ముందున్న సీను కూడా క్షేమంగా వస్తున్నట్టే. నాగేశ్‌ది పాత ఇత్తడి బెల్లు, ఒకసారి నొక్కితే చాలాసేపు గరగరమనేది. అలాంటిది మా ఎవరికీ లేదు.

మల్లట్ వైపు పోయే దారిలో కాలువ దాకా వెళ్ళి తిరిగి రావాలని అనుకున్నాం. రెండు పక్కలా దున్ని వదిలేసిన చేలు. చెట్టూ చేమా లేదు, పక్కకు తిరిగే దారీ లేదు. దారి పొడవునా నేను బెల్లు కొడుతూనే ఉన్నాను. కొట్టిన ప్రతిసారీ చివర ఆ ఇత్తడి గరగర వినిపించింది. మధ్యలో ఎన్ని బెల్లులు మోగాయో లెక్కపెట్టకుండా, అది వినిపించిన ప్రతిసారీ నిశ్చింతగా తొక్కాను.

కాలువ దగ్గర ఆగాను. మిల్లువాళ్ళిద్దరూ వచ్చారు. ఆ వెనకే, కాలువ గట్టు మలుపు అవతల, నాగేశ్ బెల్లు ఇంకోసారి మోగింది. ముగ్గురం విన్నాం. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు.

వెనక్కి వెళ్ళాం. దారిలో మాకు ఎవరూ ఎదురు కాలేదు. చాలా దూరం పోయాక దారి కింద నీళ్ళు పోయే ఒక మోరీ మీద సీను కూలబడి ఉన్నాడు. పెదవులు నల్లబడి, ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. పక్కన ఒక్కరూ లేరు. కూరగాయల ఆటో ఒకటి దొరికితే వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఊళ్ళోకి తెచ్చాను. నాగేశ్ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

బారికేడ్ల దగ్గర ఆటో ఆగింది. పట్టుబడ్డ బండ్ల మధ్య, చక్రానికి గొలుసు వేసి, నాగేశ్ సైకిల్ ఉంది. కానిస్టేబుల్‌ని అడిగాను. పొద్దున్నే పట్టుకున్నామని, అప్పటినుంచి అది అక్కడే ఉందని, మనిషిని నడిపించి ఇంటికి పంపించామని చెప్పాడు.

సీను ఆక్సిజన్ మీద ఉండి బతికాడు. నాగేశ్ ఇంటికి వెళ్ళి నిలదీశాను. ఎందుకు ఫోన్ చెయ్యలేదని అడిగితే తల వంచుకున్నాడు. “చెప్తె నువ్వు గూడ వాపస్ వస్తవని చెప్పలే. మిల్లోళ్ళు ఉన్నరు గద, చూసుకుంటరు అనుకున్న” అన్నాడు. అమ్మకు మాటిచ్చిన మనిషి ఇంటికి పోయి పడుకున్నాడు. నా గుండె అక్కడే విరిగింది.

మాట్లాడే ఓపిక వచ్చాక సీను చెప్పింది ఇంకొకటి. వాడు మోరీ మీద కూర్చుని ఉండగా నాగేశ్ పక్కనుంచే వెళ్ళాడట. మూతికి ఎర్ర గళ్ళ రుమాలు, బెల్లు కొట్టుకుంటూ. సీను పిలిచాడట.

“నా దిక్కు చూసిండన్న. చూసి గూడ పోయిండు.”

సైకిల్ బారికేడ్ల దగ్గర ఉండడం నా కళ్ళతో చూశానని చెప్పాను. “సైకిల్ ఆడ ఉంటె ఉండనీ. ఆ కండ్లు నాకు తెల్వవా?” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాగేశ్ ఏడ్చాడు. “ఫోన్ చెయ్యంది నా తప్పే. గాని ఆన్ని చూసి పోయినోన్ని నేను కాదు” అన్నాడు. అది నిజమని నాకు తెలుసు. సీను చెప్పిందీ అబద్ధం కాదు. మేము విన్న బెల్లు సంగతి మిల్లువాళ్ళను అడిగితే ఇప్పటికీ ఔననే అంటారు. వీటికి ఎటునుంచి చూసినా పొంతన కుదరలేదు.

సీను ఇప్పుడు బాగున్నాడు, ఉద్యోగానికి వెళ్తున్నాడు. ఇంట్లో నాగేశ్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

మొన్న బజార్లో అతను ఎదురుపడ్డాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి చెయ్యెత్తి, పేరు పెట్టి పిలిచాడు. ఆ రోజు దారిలో పోయింది ఇతను కాదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా నేను అతని దిక్కు చూసి కూడా ఆగకుండా వచ్చేశాను.