పిచికారీకి నేను చెప్పిన అరబ్బీ మాట

పోయిన నెలలో మా మేనల్లుడు ఫోను చేశాడు. మదనపల్లె దగ్గర కొండమీద వాడు ఇద్దరు స్నేహితులతో కలిసి నాలుగు చెక్క ఇళ్ళు కట్టించి, సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తున్నాడు. బయటి గోడలన్నీ ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి ఎక్కేటట్టు కొట్టిన పలకలు. రెండు వానాకాలాలకే అవి బూడిదరంగుకు తిరిగాయట. "మామా, నువ్వు కువైట్లో ఇదే పని చేసినావు గదా, స్ప్రేయరు యాది కొనాల్నో చెప్పు" అని మూడు బొమ్మలు పంపాడు. ఒకటి చేత్తో పంపు కొట్టే డబ్బా, ఇంకొకటి కంప్రెసరుకు తగిలించే గన్ను, మూడోది రంగును ఒత్తిడితో తోసే పెద్ద మిషను. నేను చేతిపంపు కొనమని, దానితోపాటు నాలుగంగుళాల కుంచెలు రెండు కొనమని చెప్పాను. వాడు నవ్వి, "ఈ కాలంలో పంపేంది మామా" అని గన్నుకే ఆర్డరు పెట్టాడు. నేను వాదించలేదు. ముప్పై అయిదేళ్ళ కిందట వాళ్ళ నాయనతో నేనన్న మాట కూడా అదే.

వాళ్ళ నాయన మా బావ, మా అక్క భర్త. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన బతికి ఉండగా చెప్పవలసిన సంగతి ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు రాయడం వల్ల ఆయనకు ఒరిగేది ఏమీ లేదని తెలిసే రాస్తున్నాను.

మా రాజంపేట ప్రాంతంలో తలుపులకు, పెళ్ళి మంచాలకు పాలిష్ పెట్టాలంటే మా బావనే పిలిచేవాళ్ళు. ఆయన ముందు కువైట్ పోయి, రెండేళ్ళకు నాకూ వీసా పంపాడు. ఫర్వానియాలో ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఉత్తరాలు చదువుకోలేని ఇళ్ళకు మాటలు కేసెట్లో పట్టి పంపే కాలం అది. మా తరంలో గల్ఫ్ పోయివచ్చిన వాళ్ళకు ఆ కేసెట్లు గుర్తుండే ఉంటాయి. మా అక్క పంపిన కేసెట్లో మాటలకంటే వెనక బిడ్డ ఏడుపే ఎక్కువ వినిపించేది, బావ దాన్నే వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వినేవాడు. ఆయన ఊరు విడిచిన ఆరు నెలలకు పుట్టిన కొడుకు వాడు, ఇవాళ నాకు ఫోను చేసినవాడు. నాలుగేళ్ళయినా బావ వాణ్ణి చూడలేదు.

నేను కాస్త చదువుకున్నవాణ్ణి కావడంతో అరబ్బీ తొందరగా పట్టుబడింది, పట్టుబడిందని గర్వం కూడా ఉండేది. బావకు పద అనడానికి యల్లా, అయిపోయింది అనడానికి ఖలాస్, నీళ్ళకు మాయ్, ఇలాంటి మూడు నాలుగు మాటలు తప్ప రాలేదు, వాటితోనే పని నెగ్గుకొచ్చేవాడు. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారని మొదటిరోజు నేను చెప్పినప్పుడు ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. "ఆడమనిషిని పట్టుకొని మామా అనేదేందిరా అబ్బీ, ఆయమ్మ కూతురును నాకేమన్నా ఇస్తాదా?" అన్నాడు. ఒకచోట ఒకటైన మాట ఇంకొకచోట ఇంకొకటి అవుతుందని ఆరోజు ఇద్దరమూ నవ్వుకున్నాం.

మా కఫీల్‌కు, అంటే మమ్మల్ని తన వీసా మీద పనికి పెట్టుకున్న కువైటీ యజమానికి, ఫింటాస్‌లో సముద్రానికి దగ్గరగా ఒక ఇల్లు ఉండేది. కువైట్‌లో అరుదుగా కనిపించే రకం: పలకల గోడల ఇల్లు, పై దేశం నుంచి ముక్కలుగా తెప్పించి బిగించింది. ఉప్పుగాలికి, ఎండకు పలకలు పొడిబారి నెర్రెలు పట్టాయి. ఆ వేసవి మొదట్లో కఫీల్ మా ఇద్దరినీ పిలిచి, ఆ ఇంటికి స్టెయిను పట్టించమన్నాడు. స్టెయిను అంటే పైన పొరలా నిలిచే పెయింటు కాదు, చెక్క గీతలు కనిపిస్తూనే రంగు లోపలికి ఇంకే పలచటి నూనె. ఈ ఇల్లు ముగించిన రోజున బావకు సెలవు ఇస్తాననీ, పాస్‌పోర్టు తన తల్లి బీరువాలో ఉందనీ, తాము విదేశానికి పోయినా ఆమె తీసిస్తుందనీ చెప్పాడు. అందువల్ల ఆ ఇల్లు మాకు అన్ని ఇళ్ళలాంటిది కాదు. ఆఖరి పలక తడిసిన రోజున బావ తన కొడుకు దగ్గరికి బయలుదేరవచ్చు.

బావ ఇంటిని రెండుసార్లు చుట్టి వచ్చి, పలకల సందుల్లో గోరు పెట్టి చూసి, పద్దెనిమిది దినాలు చాలన్నాడు. మన వేరుశనగ చేలల్లో మందు కొట్టే పంపులాంటిది ఒకటి చాలు, ఒకరు మెల్లగా కొడుతూ పోతే వెనకనే ఇంకొకరు కుంచెతో లోపలికి రుద్దాలి, పొద్దున పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ, అలా నీడతోపాటు ఇంటిచుట్టూ తిరగాలి అని ఆయన లెక్క. నేను ఒప్పుకోలేదు. సబ్హాన్‌లో ఒక అంగడి అద్దం వెనక కంప్రెసరుకు తగిలించే గన్ను చూసి ఉన్నాను. నున్నగా మెరిసే పిడి, వేలితో నొక్కే మీట, పైన రంగు పోసుకునే గిన్నె. దానితో నాలుగు రోజుల్లో ఖలాస్ అన్నాను. ఈ కాలంలో పంపేంది బావా అన్నాను. ఆయన, "చెక్క తాగాల అబ్బీ. మొగానికి పౌడరు కొట్టినట్టు కొడితే యాడుంటాది?" అన్నాడు. కఫీల్‌తో అరబ్బీలో మాట్లాడేది నేను గనుక నా మాటే నెగ్గింది.

కొనేందుకు నేనొక్కణ్ణే పోయాను. అంగడివాడు ఆ వస్తువును రష్షాష్ అన్నాడు. చిమ్మేది, చల్లేది అని అర్థం. కొత్త మాట దొరికిన సంతోషంతో దారి పొడుగునా పలుకుకుంటూ వచ్చాను. బావ మాత్రం దాన్ని చివరిదాకా పిచికారీ అనే అన్నాడు.

స్టెయినుకు తగిన సన్నటి నాజిల్ దొరకడానికే పది రోజులు పట్టింది. దొరికాక కొడితే, గాలి ఆ పలచటి నూనెను మంచులా చేసి సగం సముద్రపుగాలికి అప్పగించింది. అది కిటికీ అద్దాల మీద, పక్కింటివారి తెల్లకారు మీద వాలింది. పలకల మీద పడింది లోపలికి ఇంకకముందే ఎండకు ఎండిపోయి, గోడంతా మరకలు మరకలుగా కనిపించింది. కారు తుడిచాం, అద్దాలు గీకాం, రెండు గోడలు ఉప్పుకాగితంతో రుద్దాం. తరువాత బావ గన్నును ఒక పక్కన పెట్టి, కుంచె తీసుకొని మొదటినుంచి మొదలుపెట్టాడు. నన్ను ఒక్కమాటా అనలేదు. ఎగతాళిగా "మీ రష్షాషు దొరగారు కూర్చోండాడా, పనికొస్తాడా?" అనైనా అనివుంటే బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది. అలా అనివుంటే ఆ అరబ్బీ మాట ఆయనకూ తెలిసినట్టయ్యేది.

ఆగస్టు రెండో తేదీ నాటికి ఇంకా ఒక్క గోడ మిగిలి ఉంది. ఆ తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. పంపూ కుంచెలూ పట్టుకొని ఉంటే బావ అప్పటికి రెండు వారాల ముందే ఊళ్ళో ఉండేవాడు.

తరువాతి వారాలు ఎలా గడిచాయో చాలామంది రాశారు. రొట్టెకు వరసలు, మూసిన అంగళ్ళు, రోజుకొక పుకారు. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కడినుంచి మనవాళ్ళను విమానాల్లో పంపుతున్నారని గట్టిగా తెలిసినప్పుడు, మేమిద్దరం, వేసవికి విదేశం పోతూ కఫీల్ వదిలిపెట్టిన పికప్ బండిలో ఫింటాస్ పోయాం. పాస్‌పోర్టులు ఆయన తల్లి దగ్గరే ఉన్నాయి. ఆ ముసలి మామా ప్రయాణాలంటే గిట్టక, ఒక పనిమనిషిని తోడుపెట్టుకొని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పాస్‌పోర్టులు తీసి మా చేతుల్లో పెట్టి, మిగిలిన గోడవైపు చూసి, మళ్ళీ వచ్చి ముగించండి అంది. అప్పుడు నేను ఆ గన్ను అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ సరిగా చెప్పలేను; ఇన్ని రోజులు చెడగొట్టిన వస్తువు ఊళ్ళోనైనా పనికొస్తే నా తప్పు కొంత తగ్గుతుందని కాబోలు. తీసుకుపో నాయనా అంది ఆమె. "ఆ ఇనుము యాడికి మోస్తావురా, దేశాలు దాటి పోవాల" అని బావ విసుక్కున్నాడు. అయినా నేను బండి నడపాలి గనుక, ఆ రేకుపెట్టెను ఆయనే ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఫర్వానియా ఇంకా కొంత దూరం ఉందనగా, ఇరాక్ సిపాయిలు బండ్లను తనిఖీ చేసే ఒక నాకా దగ్గర మమ్మల్ని ఆపారు. మా దగ్గరికి వచ్చిన సిపాయికి ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు, పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ముందు కాగితాలు చూశాడు. తరువాత బావ ఒళ్ళో పెట్టె చూసి "షినూ హాదా?" అన్నాడు. ఇదేమిటి అని. బావకు తడుముకునే అవకాశం లేకుండా, అరబ్బీ వచ్చినవాడిలా నేనే చటుక్కున జవాబు చెప్పాను. రష్షాష్ అన్నాను.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అతని మొహంలో భయం నాకు స్పష్టంగా కనిపించింది. గట్టిగా ఏదో అరిచాడు. బావ ఆ అరుపును పెట్టె తెరవమనడంగా అర్థం చేసుకొని, అందులో ఏమీ లేదని చూపించాలని మూత ఎత్తి కుడిచేయి లోపల పెట్టాడు. సిపాయి తుపాకీ మడమతో ఆ చేతిమీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు, దెబ్బ పడ్డాక, నాకు సబ్గ్ అనే మాట గుర్తొచ్చింది. సబ్గ్ అంటే రంగు. సబ్గ్, సబ్గ్ అని అరిచాను. ఒక అధికారి వచ్చి పెట్టెను కాలితో తిరగేసి, గన్ను తీసి, గిన్నెలో ఎండిన గోధుమరంగు చూసి, తలపట్టుకొని నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, పక్కన సంచుల గోడ మీద నిలబెట్టిన మరతుపాకీని చూపించి, రష్షాష్ అంటే ఇది, ఇక్కడ ఆ మాట ఎప్పుడూ అనకు అని నాకు చెప్పి, పొమ్మన్నాడు. అరబ్బీలో రెండింటికీ ఒకటే మాట. రంగు అన్న మాటను పక్కన చేర్చి ఉంటే సరిపోయేది. అంగడిలో చేర్చవలసిన పని పడలేదు.

బండి కదిలాక బావ విరిగిన చేతిని తుండుతో చుట్టుకొని, నొప్పికి పళ్ళు బిగబట్టి అడిగాడు.

"వాడేమన్నాడురా? నన్నెందుకు కొట్నాడు?"

నావల్ల ఆయన సెలవు పోయి నెలన్నర కూడా కాలేదు. చేయి కూడా నావల్లే పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "దొంగసొత్తు ఎత్తకపోతాండామని అనుకున్నాడు బావా" అన్నాను. ఆ రోజుల్లో ఇళ్ళూ అంగళ్ళూ దోపిడీ అవుతున్నాయి గనుక అది నమ్మదగిన అబద్ధమే.  ఆయన, "నన్నా?" అని మాత్రం అన్నాడు.

బస్సుల్లో, జోర్డాన్ ఎడారి గుడారాల్లో మూడు వారాలు గడిచేసరికి ఆ మణికట్టు వంకరగానే అతుక్కుంది. కొడుకును ఎడమచేత్తో ఎత్తుకున్నాడు. కుంచె మళ్ళీ పట్టలేదు. రాజంపేటలో ఒక రంగుల అంగడిలో కూర్చొని, కంటితో చూసి రంగులు కలపడం చెప్పేవాడు. ఇరవయ్యేళ్ళ పైన అక్కడే చేశాడు. వచ్చినవాళ్ళు చేయి గురించి అడిగితే కువైట్ కథ నవ్విస్తూనే చెప్పి, నేను అక్కడ ఉంటే చివర మాత్రం నా వైపు తిరిగి, "చెప్పరా, నేను దొంగనా?" అనేవాడు. కాదు బావా అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు.

ఆ అంగడి యజమాని ఒకసారి నాకు చెప్పిన సంగతి ఇది. రోజూ సాయంత్రం ఇంటికి పోయేముందు మా బావ భుజం మీది తువ్వాలు తీసి, ఆయన ఎదురుగా రెండుసార్లు దులిపి చూపించి, మళ్ళీ భుజాన వేసుకొని పోయేవాడట. ఎవరూ అడగలేదు, వద్దంటే వినలేదు. "మీ బావకు ఇదేం అలవాటప్పా, నేనెప్పుడన్నా అనుమానపడితినా?" అని ఆయన వాపోయాడు. నాకు తెలియదన్నాను.

మణికట్టు విరిగిన బాధను ఆయన నిజంగానే మరిచిపోయాడని నా నమ్మకం. దొంగ అనుకున్నారన్నది మరవలేదు. ఆ సిపాయి ఆయన్ను దొంగ అనుకోలేదు. ఆ మాట పుట్టింది నా నోట. ఇప్పుడు మా ఊళ్ళనుంచి కువైట్ పోయే పిల్లలకు భాష రాకపోయినా ఇబ్బంది లేదు, ఫోనులో వస్తువు బొమ్మ చూపిస్తారు, ఫోనే వాళ్ళ తరఫున మాట్లాడుతుంది. మా కాలంలో ఒకరి భాషను ఒకరు నమ్ముకొని తిరిగాం. బావ నా భాషను నమ్ముకున్నాడు. ఆ ఇరవయ్యేళ్ళలో ఏ సాయంత్రమైనా ఆ అంగడికి పోయి, నిన్ను ఎవరూ దొంగ అనలేదు బావా అని చెప్పివుంటే, ఆయన మరునాటినుంచి తువ్వాలు దులపకుండా ఇంటికి పోయేవాడు.