అచ్చమ్మవ్వ బొబ్బర్లు

బొబ్బర్లు ఉడికే వాసన వస్తే నాకు ఆకలి వేయదు, అసూయ పుడుతుంది. ఇవాళ పొద్దున్న కుక్కర్ మూత తీయగానే మళ్లీ అదే. డర్బన్ శివారు మెరీబ్యాంక్‌లో మా పక్కింటి పెరడు, అందులో అచ్చమ్మవ్వ, ఆమె పక్కన ఇంకెవరు, ఆ తోకో!

మేము డర్బన్ వచ్చింది ఇక్కడ దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా అందరూ కలిసి మొదటిసారి ఓట్లేసిన మరుసటి ఏడాది. మావారికి దగ్గర్లోనే మొబేని ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. అచ్చమ్మవ్వ పూర్వీకులు చెరకు తోటల పనికి కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆమెకు తెలుగు మిగిలింది తిట్లలో, తిండిలో, దండంలో. అయినా వచ్చిన నాలుగు ముక్కలతో నాతో మాట్లాడాలని కంచె దగ్గర కాచుకుని ఉండేది. నేను బెజవాడ నుంచి వచ్చిన అసలైన తెలుగుదాన్ని కదా, ఆమెకు నాకంటే దగ్గరివాళ్లు ఎవరుంటారని నా ధీమా.

ఒకరోజు చిన్న గుడ్డమూట నా చేతిలో పెట్టింది. "మా అవ్వ ఓడలో తెచ్చిన బొబ్బర్లు పిల్లా. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉండాయి. నీకిస్తన్నా."

గింజలకు బూడిద పట్టి ఉంది. బూడిద పట్టించేది విత్తనానికని పల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. నేను పట్నందాన్ని. మూడుసార్లు కడిగి, నానబోసి, గారెలు చేసి, వేడివేడిగా తీసుకెళ్లాను. అవ్వ ఒకటి కొరికింది.

"బాగుంది పిల్లా. అన్నీ రుబ్బేసినావా?"

"ఒక్కటీ మిగల్చలేదవ్వా!" గొప్పగా చెప్పాను.

"అయ్యయ్యో" అంది. అయినా గారె మొత్తం తినేసింది.

వారం తిరగకుండానే అవ్వ పెరట్లో తోకో పార పట్టుకుని కనిపించింది. తోకో జులూ మనిషి, బట్టల ఫ్యాక్టరీలో అవ్వతో కలిసి కుట్టుపని చేసినామె. అవ్వ దగ్గర మిగిలిన విత్తనమంతా ఆమె చేతికి వెళ్లింది. నా కడుపు మండిపోయింది. తోకో లేత ఆకు తుంచి కూర వండేది, ఎండుగింజలు మొక్కజొన్నతో ఉడికించి అవ్వకు తినిపించేది. అవ్వా అనడానికి జులూలో గోగో అనేది. ఇద్దరూ ఆ భాషలో ఒకటే నవ్వులు. చివరికి అమ్మవారి పూజనాడు గుగ్గిళ్ల పళ్లెం మోసింది కూడా ఆవిడే. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అవ్వా, మన గింజలు ఆమెకెందుకు?"

"మనవా? నువ్వు తినేసినావు. తోకో అడిగింది, గోగో, హౌ మస్ట్ ఐ ప్లాంట్ అని. నువ్వు ఒక్కసారైనా అడిగినావా?"

ఇంటికొచ్చి ఏడ్చాను. సిగ్గుతో కాదు, అక్కసుతో.

మూడో ఏడు అవ్వ పోయింది. కర్మనాడు ఆమె బొబ్బర్లతోనే గుగ్గిళ్లు నా చేత్తో వండి పెట్టాలనిపించింది. అవి తోకో దగ్గర తప్ప ఎక్కడా లేవు. మొహం చంపుకుని వాళ్లింటికి వెళ్లాను. వండుకోవడానికి కొన్ని ఇచ్చింది. గుమ్మం దిగబోతూ ఆగి, ఎలా నాటాలని అడిగాను. తోకో నన్ను ఎగాదిగా చూసి, జులూలో అక్కా అంటూ పార చేతికిచ్చింది.

"ఫస్ట్ యూ డిగ్, సిసీ."

అప్పటినుంచి మా పెరట్లో ఈ పంట తప్పలేదు. కాయలు ఎండగానే మేలైన గింజలు విత్తనానికి తీసిపెట్టి, మిగిలినవే పొయ్యి మీదకు ఎక్కిస్తాను. చూసినవాళ్లు ఎవరు నేర్పారని అడిగితే, అచ్చమ్మవ్వ అని చెబుతాను. అబద్ధం. నేర్పింది తోకో. ఆ మాట పైకి చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.