సన్మానపు శాలువా, సున్నపురాయి లారీలు

లోడుతో ఉన్న లారీ బ్రేకు వేసిన చోటనే ఆగదు. కొంత దూరం జారుతుంది. రోడ్డు మీద రాతి పొడి ఉంటే ఇంకొంచెం ఎక్కువ జారుతుంది. ఆ కొంచెంలో నా కూతురు ఉంటే?

ఫిజిక్స్ చదువుకున్నందుకు నాకు మిగిలిన ప్రశ్న ఇది. పిడుగురాళ్లలో మేముండే వీధికీ, మా యశస్విని చదివే బడికీ మధ్యన క్వారీ రోడ్డు ఉంది. సున్నపురాయి వేసుకుని బట్టీలకు వెళ్లే లారీలన్నీ ఆ దారినే వెళ్తాయి. రెండో తరగతి పిల్ల. దాని చేయి గట్టిగా పట్టుకుని, ఒక్క పరుగున దాటించి, గేటులోకి వెళ్లేదాకా చూసి, మళ్లీ పరుగున ఇవతలికి వచ్చేదాన్ని. బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకుందామా అని మా ఆయనతో రోజూ అదే మాట.

ఆ మాట ఒకరోజు జాన్‌బీ చెవిన పడింది.

బడి ఎదురుగా జాన్‌బీది ఇడ్లీ బండి. భర్త మౌలాలీ ఒకప్పుడు లారీ నడిపేవాడు. నడుము పట్టేశాక ఇంట్లో పిండి రుబ్బిపెడతాడు, ఆమె అమ్ముకొస్తుంది. క్వారీ డ్రైవర్లలో సగంమంది పొద్దున తినేది ఆమె దగ్గరే. వాళ్లందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని.

"మా ఊళ్లో కూడా బడికి పోవాలంటే ఇట్టాంటి రోడ్డే," అంది ఆవిడ, ఇడ్లీ పాత్ర మీద గుడ్డ సర్దుతూ. "మా అబ్బాజాన్ భయపడి నన్ను మూడో తరగతిలో మానిపించాడు. లారీలు మాత్రం మానలా. ఇప్పటికీ తిరగతానే ఉండయ్."



అంతకు ముందు ఏడాది మా ఊరి స్నేహసేవ క్లబ్బు వాళ్లు బడి దగ్గర ఒక మంచి పని మొదలుపెట్టారు. క్లబ్బు మెరిసే జాకెట్లూ, 'ఆగుము' అని రాసిన చేతి బోర్డూ ఇచ్చింది. బడి వాళ్లు గంట కొట్టే వేళ చెప్పారు. ఆ కాసేపు లారీలు ఆపుతామని లారీ ఓనర్ల సంఘం ఒప్పుకుంది. మూడింటి పేర్లతో ఫ్లెక్సీ కట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫోటోలు దిగారు. మొదట్లో సభ్యులు వంతులవారీగా వచ్చారు. తర్వాత ఒకరికి షాపు, ఒకరికి మోకాళ్ల నొప్పి. ఎటూ అక్కడే ఉంటుంది గదా అని బోర్డు జాన్‌బీ చేతిలో పెట్టి, ఆమెను క్లబ్బులో చేర్చుకున్నారు.

ఆమె లారీలు ఆపే పద్ధతి వేరు. ఆగని డ్రైవరు మర్నాడు ఇడ్లీ కోసం రావాల్సిందే కదా.

"నిన్న ఆపలా గదా నువ్వు. ఇయ్యాల నీకు చట్నీ లేదు."

"ఖాలా, అంతమందిలో పరువు తీయమాక."

"పరువు కావాలంటే బ్రేకు తొక్కు."

చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు జడిసి మిగతావాళ్లు కూడా ఆపేవాళ్లు. లారీలు ఆగినా నా పరుగు మాత్రం ఆగలేదు.

ఈ వేసవి దాటాక క్వారీల్లో పని పెరిగింది. పొద్దుటి ట్రిప్పు ఆలస్యమవుతోందని ఓనర్ల సంఘం క్లబ్బుకు గట్టిగానే చెప్పింది. క్లబ్బు పెట్టే కంటి శిబిరానికి ఊళ్ల నుంచి ముసలివాళ్లను తీసుకొచ్చే వ్యాను ఆ సంఘం వాళ్లదే. బడి దగ్గర లారీలు ఆపడం మానకపోతే వ్యాను వేరేచోట వెతుక్కోమన్నారు. క్లబ్బు అధ్యక్షుడు గోపీచంద్ చెడ్డవాడేమీ కాదు. మెడికల్ షాపు నడుపుతాడు, రాత్రీపగలూ ఎవరడిగినా రక్తం ఇచ్చేవాళ్లను వెతికిపెడతాడు. కానీ వ్యాను పోతే శిబిరం పోతుంది. అందుకని ఎవరినీ నొప్పించని దారి ఒకటి చూసుకున్నాడు. జాన్‌బీకి సన్మానం పెట్టాడు.

మా వైపు ఎవరినైనా మర్యాదగా పనిలోంచి తప్పించాలంటే శాలువా కప్పుతారు. కల్యాణ మండపంలో సభ. తల్లిదండ్రులమని మమ్మల్నీ పిలిచారు. బడి ముందు పథకం విజయవంతంగా పూర్తయిందని గోపీచంద్ మైకులో ప్రకటించాడు. ఓనర్ల సంఘం కార్యదర్శి జాన్‌బీకి ఎర్ర శాలువా కప్పి జ్ఞాపిక చేతికిచ్చాడు. ఇక అమ్మగారు విశ్రాంతి తీసుకుంటారన్నాడు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఆమె ముందు పెట్టారు.

జాన్‌బీ శాలువా అంచు వేళ్లతో తడిమి చూసింది.

"రంగు బాగుందయ్యా. దూరానికి కనపడుద్ది. రేపొద్దున రోడ్డు మీదకి పనికొచ్చుద్ది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె తమాషాకి అంటోందనుకున్నారు.

మర్నాడు పొద్దున గోపీచంద్ స్కూటర్ మీద బండి దగ్గరికి వచ్చాడు. నేను యశస్విని చేయి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"పిన్నీ, ఆ జాకెట్టూ బోర్డూ ఇచ్చెయ్. క్లబ్బు పేరుతో ఆపితే మా మీదకొస్తది."

జాన్‌బీ జాకెట్టు విప్పి మడతపెట్టి, బోర్డుతో సహా అతని చేతికిచ్చింది. "పేరు నీది, తీసుకుపో. రోడ్డు నీది కాదు గదా."

అప్పుడు బండి కింద నుంచి ఎర్ర శాలువా తీసింది. గొడుగు కర్రకు కట్టి, చెప్పులు సర్దుకుని రోడ్డు మధ్యకు నడిచింది. గోపీచంద్ స్కూటర్ స్టార్ట్ చేయడం మర్చిపోయాడు.

మొదట వచ్చింది అక్రం లారీ. ఏళ్ల తరబడి ఆమె చేతి ఇడ్లీ తిన్నవాడు. హారన్ కొడుతూ దగ్గరదాకా తెచ్చాడు. ఆమె కదలకపోయేసరికి బుస్సుమని గాలి వదులుతూ లారీ ఆగింది.

"పక్కకి రా ఖాలా. ఆపొద్దన్నారు. ఓనరు ఫోన్లోనే ఉన్నాడు."

"ఫోను ఇటియ్యి."

"ఎందుకులే ఖాలా."

"ఇయ్యరా."

అక్రం కిందికి వంగి ఫోను అందించాడు. ఆమె ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"అయ్యా, నేను ఇడ్లీ జాన్‌బీని. పిల్లలు దాటతన్నారు. రాళ్లు ఎండకి చెడిపోవు గదా, కాసేపు ఆగితే ఏంది?" అవతల ఆయన ఏదో అరుస్తున్నాడు. ఆమె విన్నది. "నా ఇడ్లీలు నీ డ్రైవర్లు తినకపోతే ఆ పక్కన కూలోళ్లు తింటారులే," అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

పిల్లలు దాటడం మొదలుపెట్టారు. నేనూ యశస్వినిని దాటించి గేటులో వదిలి వెనక్కి తిరిగాను. ఇంకా సగంమంది పిల్లలు రోడ్డుకు మా వీధి వైపే ఉన్నారు. అప్పుడు అక్రం లారీ వెనక నుంచి ఇంకో లారీ పక్కకు తప్పుకుని ముందుకు రావడం కనపడింది. జాన్‌బీకి అది కనపడదు, మధ్యలో అక్రం లారీ అడ్డం. నా అరుపు విని ఆమె తల తిప్పింది.

"యశస్విని వాళ్లమ్మా, ఆ పక్క నువ్వు చూసుకో."

నా చేతిలో ఏమీ లేదు. రెండు చేతులూ పైకెత్తి ఆ పక్కకు వెళ్లి నిలబడ్డాను. నా కళ్లు చక్రాల మీదే ఉన్నాయి. అవి ఎంత దూరం జారతాయో బుర్ర తనంతట తానే లెక్క వేస్తోంది.

"చక్రాల్ని చూడమాక," వెనక నుంచి జాన్‌బీ గొంతు. "డ్రైవరు మొహం చూడు. నువ్వు చూస్తన్నావని వాడికి తెలియాల."

తలెత్తాను. అద్దం వెనక మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. నన్ను చూశాడు. నేను చూపు తిప్పలేదు. లారీ వేగం తగ్గి, చాలా ముందే ఆగిపోయింది. చివరి పిల్ల దాటేదాకా అతనూ నన్నే చూస్తున్నాడు.

తర్వాత కొన్ని రోజులు జాన్‌బీ బండి దగ్గర డ్రైవర్లు తగ్గారు. ఆమె ఇడ్లీలు మిగిలాయి. అక్రం మాత్రం లారీ అవతల వీధిలో పెట్టి నడిచొచ్చి తినేవాడు. అతన్ని చూసి ఒక్కొక్కరే మళ్లీ వచ్చారు. ఓనర్ల సంఘం ఈ రోజుకీ ఒప్పుకోలేదు, శిబిరానికి వ్యాను ఇవ్వడం కూడా మానేసింది. క్లబ్బు మాత్రం తన వార్షిక నివేదికలో జాన్‌బీ, నేను లారీలు ఆపుతున్న ఫోటో వేసుకుంది. అది చూపిస్తే జాన్‌బీ నవ్వింది. "ఏసుకోనీ. క్లబ్బోళ్లు రోజుకొకడు వచ్చి నిలబడితే ఇంకా పెద్ద ఫోటో ఏసుకోవచ్చని చెప్పు గోపీచంద్‌కి." చెప్పాను. మంగళవారాలు అతను వస్తున్నాడు, జాకెట్టు లేకుండా. కంటి శిబిరానికి వ్యాను ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

యశస్విని బడి మానలేదు. నా భయమూ పోలేదు. పోదా అని జాన్‌బీని అడిగితే, ఇడ్లీ పాత్ర మూత తీస్తూ చెప్పింది: "భయం ఉండనీ. నీ బిడ్డ దాటంగనే పోమాక, ఆఖరి బిడ్డ దాటిందాకా నిలబడు. ఎవురు ఎదురొచ్చినా మొహం చూసి నిలబడు."

అలాగే నిలబడుతున్నాను.