నీళ్లెత్తిన టెస్టు

నిషాత్ గురించి చెప్పమంటే నేను ముందు వాళ్ల నాన్న దుకాణం దగ్గరే మొదలుపెడతాను. ఓపిక లేనివాళ్లు వినక్కర్లేదు. జనగామ స్టేషన్ రోడ్డులో ఫకీర్ అహ్మద్ బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. మోటారు గిర్రున తిరిగితే చాలు, మిగతావాళ్లు రైతు చేతిలో పెట్టేస్తారు. ఈయన మాత్రం దుకాణం వెనక సిమెంటు తొట్టిలో దించి, అరగంట నీళ్లెత్తించనిదే ఇచ్చేవాడు కాదు. "ఖాళీగ ఏ మోటారైనా తిరుగుతది తమ్మీ" అనేవాడు నాతో.

నేను బిక్షపతిని, ఊరి చివరి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు అటెండర్ని. నిషాత్ అక్కడే చదివి, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరింది. రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. రైళ్లు ఆగాయి, కాలేజీకి తాళం పడింది. హైదరాబాద్ వెళ్లే దారి లేక, ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని నిషాత్ మా ల్యాబుకే వచ్చింది.

"అన్నా, జర రెండు సర్వర్లు కావాలె. ఒకటి కొత్తది, ఒకటి పాతది. ప్రాసెసర్లు వేరే వేరే కంపెనీలయి ఉండాలె" అంది.

సర్వర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేదాన్ని వర్చువల్ మెషిన్ అంటారట. దాన్ని ఆపకుండా, పని జరుగుతుండగానే రెండో సర్వర్ మీదికి మార్చాలి. భూపాలపల్లిలో ఒక దవాఖాన తన రక్తనిధి లెక్కంతా అందులో పెట్టబోతోంది; అక్కడున్న రెండు సర్వర్లూ ఇలా ఒకటి కొత్తది, ఒకటి పాతది. ఏ గ్రూపు రక్తం ఉందో అడిగిన సమయానికి అది ఆగిపోతే మనిషి ప్రాణం పోతుంది. కంపెనీ వాళ్లు పదిసార్లు మార్చి చూసి బాగుందన్నారు. సోమవారంలోగా నిషాత్ సంతకం పెట్టాలి.

మా దగ్గర కూడా బాగానే మారింది. "ఇంకేంది, సంతకం పెట్టు. రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు నడుస్తున్నది, పోయి తిందాం" అన్నాను.

"ఖాళీగ తిరిగింది గదా అన్నా గిది. నీళ్లెత్తలె" అంది.

వెయ్యి మంది రక్తదాతల పేర్లు కల్పించి, ఒక్కొక్కటే ఎక్కించే పని దానికి అప్పజెప్పింది. ఎక్కుతుండగానే పాత సర్వర్ మీదికి మార్చింది. నూట పన్నెండో పేరు దగ్గర తెర బిగుసుకుపోయింది. ప్రోగ్రాం మొదట్లోనే కొత్త ప్రాసెసర్‌కు ఏమేం వచ్చో చూసి గుర్తుపెట్టుకుందట. పాతదాన్నీ అవే అడిగింది, అందులో ఒకటి దానికి రాదు.

ఫోన్లో మేనేజర్‌కు చెప్పింది. "పని పెడితే గిట్ల ఆగిపోతున్నది సార్."

"గిట్ల అంటే ఏ భాషమ్మా?" అవతల నవ్వులు వినిపించాయి. "ఉద్యోగం ఉండాలంటే సంతకం పంపు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ లాక్కుని నాలుగు దులుపుదామనుకున్నాను. నిషాత్ చెయ్యి అడ్డం పెట్టింది.

"నవ్వుకోండ్రి సార్. సంతకం మాత్రం పెట్ట. మీరు సుత పని పెట్టి చూడుండ్రి."

నిషాత్ రెండు రోజులు అక్కడి నుంచి లేవలేదు. కరెంటు పోయినప్పుడల్లా నేను జనరేటర్ తిప్పాను. రెండు ప్రాసెసర్లకూ వచ్చిన పనులే మొదటి నుంచీ కనిపించేలా వర్చువల్ మెషిన్‌ను సరిచేసింది. ఆ తరువాత ఇటూ అటూ ఇరవైసార్లు మార్చింది. వెయ్యి పేర్లూ ఎక్కాయి, ఒక్కటీ తప్పలేదు.

ఆదివారం సాయంత్రం మేనేజరే ఫోన్ చేశాడు. పని పెట్టి చూస్తే వాళ్ల దగ్గరా ఆగిపోయిందట. ఈసారి నవ్వలేదు. "నువ్వు చెప్పిందే నిజం. ఇకనుంచి అన్నిటికీ ఈ టెస్టు పెడతాం. ఏం పేరు రాయమంటావు?"

"ఫకీర్ అహ్మద్ టెస్టు అని రాయుండ్రి సార్."

"ఎవరమ్మా ఆయన, ప్రొఫెసరా?"

"మోటార్లు బాగుజేస్తడు సార్. మా అబ్బా."

ఆ కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ ముందు నేర్పేది అదేనట. నాకు గర్వం కాక మరేమిటి? ఆ సాయంత్రం ఇద్దరం దుకాణానికి వెళ్తే, ఆయన తొట్టి దగ్గర ఒక మోటారు దించుతున్నాడు. టెస్టుకు తన పేరు పెట్టారని చెప్పాను. తల కూడా ఎత్తలేదు.

"గదంతా సరే బిడ్డా, నీళ్లొచ్చినయా?"

"వచ్చినయ్ అబ్బా" అంది నిషాత్.