రోజమ్మ గారి ఊళ్ళ కార్డులు

మొన్న ఏలూరు రోడ్డులో ఒక జిరాక్స్ షాపు అమ్మాయి, ప్రింటర్ నుంచి అప్పుడే వచ్చిన కాగితాల బొత్తిని నా చేతిలో పెట్టింది. పార్లమెంటులో ఒక రోజంతా జరిగిన చర్చ అది. డెబ్బై పేజీలకు పైనే ఉంది, ఇంకా వేడిగా ఉంది. ఆ వేడి అరచేతికి తగలగానే రోజమ్మ గారు గుర్తొచ్చారు. ఇలాంటి బొత్తి చేతికొస్తే ఆమె ముందు దాన్ని బల్ల మీద నిలబెట్టి రెండుసార్లు తట్టేవారు. అంచులు సమంగా వచ్చాక కళ్ళజోడు సర్దుకుని, "ఇవాళ ఎవరు ఏ ఊరిని తలుచుకున్నారో చూద్దాం" అనేవారు.

రోజమ్మ గారు మా దినపత్రిక విజయవాడ ఎడిషన్‌లో లైబ్రరీ చూసేవారు. ఇల్లు గుణదలలో. పొద్దున్నే మేరీమాత గుడిలో పూజ చూసుకుని సిటీ బస్సెక్కి, మా అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చేవారు. ప్రూఫ్‌రీడర్‌గా చేరి, ఆ పని కంప్యూటర్ల పాలయ్యాక, డెస్కు వెనకాల గదిలో పాత పేపర్ల మధ్యకు వచ్చారు. పార్లమెంటు సమావేశాలు నడిచే రోజుల్లో సభలో మాట్లాడినదంతా వెబ్‌సైటులో పెడతారు. దాన్ని ఆమె ప్రింటు తీసి, తెల్లదారంతో కుట్టి, బీరువాలో పెట్టేవారు. అది ఆమెకు ఎవరూ చెప్పిన పని కాదు. "దేశంలో ఎంపీలందరి ప్రసంగాలూ వినే ఓటరు మా రోజమ్మ గారొక్కరే" అని డెస్కు వాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేవారు గాని, ప్రింటు మాత్రం ఆపలేదు.

నేను హనుమాన్ జంక్షన్‌లో ఊరి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా కొన్నేళ్ళు చేసి, రిపోర్టర్‌గా విజయవాడ వచ్చాను. ఆ గదిలోకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె చెక్క సొరుగులోంచి ఒక అట్టకార్డు తీసి చూపించారు. పైన పెద్ద అక్షరాలతో మా జంక్షన్ పేరు ఉంది. కింద ఒక తేదీ, ఒక పేజీ నంబరు, "హైవే దాటలేక జనం చచ్చిపోతున్నారన్నారు" అని ఒక్క ముక్క. మా ఊరి గురించి అంత పెద్ద సభలో ఎవరో మాట్లాడారని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ కార్డును చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

"ఊళ్ళ పేర్లతో ఎందుకండీ ఇంత శ్రమ? ఎంపీ పేరు కొడితే కంప్యూటరే చూపిస్తుంది కదా" అన్నాను.

"ఎంపీ పేరు కొడితే ఎంపీ వస్తాడయ్యా. నాకు కావలసింది ఆయన కాదు" అన్నారు. "వాళ్ళు ధాన్యం గురించి మాట్లాడుతూ మధ్యలో ఒక ఊరి పేరు అనేసి పోతారు. పైన శీర్షికలో అది ఉండదు. చదివితేనే దొరుకుతుంది."

మా పత్రికలకు ఒక అలవాటుంది. ఎంపీ గారి ఢిల్లీ ఆఫీసు నుంచి ప్రకటన వస్తుంది. దానికి "పార్లమెంటులో గళమెత్తిన ఎంపీ" అని శీర్షిక పెట్టి అచ్చువేస్తాం. నేను అలాంటి వార్త రాసిన మర్నాడు, రోజమ్మ గారు ఆ రోజు సభా వివరాలు నా ముందు పెట్టేవారు. ఒకసారి అందులో రెండు వాక్యాలే ఉన్నాయి. ఎంపీ గారు లేచారు, అధ్యక్షులు కూర్చోమన్నారు.

"కేంద్రాన్ని నిలదీశారని రాశావు కదా ప్రసాదూ," అన్నారు ఆమె, "నిలబడ్డ మాట మటుకు నిజమే."

చెప్పని గొప్ప చెప్పినట్టు రాయకూడదని అలా నేర్చుకున్నాను. అయితే చెప్పిన మాటను చెప్పలేదని రాయడం కూడా అంతే తప్పని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. డెల్టా ఎంపీలు ఐదేళ్ళలో మన గురించి ఏం మాట్లాడారో వరసగా రాయమని మా ఎడిషన్ ఇన్‌చార్జి అన్నారు. సముద్రం వైపు ఊళ్ళలో మురుగు కాలువల గుండా ఉప్పునీరు ఎదురెక్కి పొలాలు చౌడు బారడం అప్పట్లో పెద్ద గోడు. ఆ ఊళ్ళ ఎంపీని నేను తీసుకున్నాను. వెబ్‌సైటు తెరిచి ఆయన పేరు కొట్టాను. ఆయన వేసిన ప్రశ్నల జాబితా వచ్చింది. రైళ్ళ గురించి ఉంది, విమానాశ్రయం గురించి ఉంది, మురుగు కాలువల మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ వారం రోజమ్మ గారు సెలవులో ఉన్నారు. గుణదల మేరీమాత తిరునాళ్ళకు ఏటా మూడు రోజులు, కొండ దిగి వచ్చేవాళ్ళకు మంచినీళ్ళు పోసే పని ఆమెది. ఇంకో రెండు రోజులు ఆగితే ఆమె వచ్చేవారు. నేను ఆగలేదు. "ఐదేళ్ళు... ఒక్క మాటా లేదు" అన్న శీర్షికతో, నా పేరుతో, మొదటి పేజీలో వచ్చింది. మొదటి పేజీలో నా పేరు పడటం అదే మొదలు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మడిచిన మా పేపరు. పేరు వీరరాఘవయ్య. కొత్తలంకపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చానన్నారు.

"ప్రసాద్ అంటే మీరేనాండీ?"

"నేనేనండీ, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. మురుగు కాలువ గురించి మా ఊరంతా సంతకాలు పెట్టిన కాగితం పట్టుకుని ఢిల్లీ వెళ్ళి ఎంపీ గారికి ఇచ్చొచ్చానండీ నేను. తర్వాత ఆయన పీఏ ఫోన్ చేసి, సార్ మాట్లాడారండీ అని చెప్పాడు. అదే మాట ఊళ్ళో చెప్పా. ఇప్పుడు మీ పేపరు పంచాయతీ అరుగు మీద పెట్టుకుని చదువుతున్నారండీ. వీరరాఘవయ్య ఢిల్లీ వెళ్ళి కుతుబ్‌మినార్ చూసొచ్చాడు, కాగితం రైల్లో పకోడీల కింద పరిచాడు అంటున్నారు. నా కోడలు నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళడం మానేసింది."

నేను తడబడలేదు. ప్రశ్నల జాబితా తెచ్చి ఆయన ముందు పెట్టాను. "పార్లమెంటు రికార్డండీ ఇది. మీకు ఆ పీఏ అబద్ధం చెప్పి ఉంటాడు" అన్నాను. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే నాకే చికాకు.

ఆయన ఆ కాగితాలు ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్ళారు. సెలవు ముగించుకుని ఆ పొద్దునే వచ్చిన రోజమ్మ గారు, డెస్కులో అందరికీ తిరునాళ్ళ జీళ్ళు పంచుతూ అక్కడ ఎదురయ్యారు. గొడవంతా ఆమెకు వినబడినట్టుంది.

"మీ ఊరి పేరు మళ్ళీ చెప్పండి బాబాయ్ గారూ" అన్నారు.

చెప్పారాయన. ఆమె లోపలికి వెళ్ళి సొరుగు లాగారు. ఒక కార్డు, ఆ తర్వాత బీరువాలోంచి ఒక కుట్టిన బొత్తి. నా బల్ల మీద విప్పి, వేలు పెట్టి చూపించారు. వ్యవసాయ శాఖ పద్దుల మీద చర్చ. మా ఎంపీ నాలుగు నిమిషాలు మాట్లాడారు. అందులో కొత్తలంకపాలెం ఉంది, మురుగు కాలువ ఉంది, ఎదురెక్కే ఉప్పునీరు ఉంది.

"ప్రశ్నలు చూశావు. చర్చలు చూశావా?" అన్నారు నాతో.

"అవి వేరేగా ఉంటాయాండీ?"

"సభ ఒకటేనయ్యా. బీరువాలు రెండు."

వీరరాఘవయ్య గారు అప్పుడు కూర్చున్నారు. రోజమ్మ గారు ఆ ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటిగా తెలుగులో చదివి వినిపించారు. "పోటు వచ్చినప్పుడు మా చేలో నీళ్ళు నోట్లో పెట్టుకుంటే సముద్రమే" అన్న చోట ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "అది నేను రాయించిన మాటేనమ్మా" అన్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

నేను ఎంపీ గారి ఆఫీసుకు ఫోన్ చేశాను. పాత పీఏ మానేశాడట. కొత్తతను, "సార్ మాట్లాడారా? నిజంగానా? సార్‌కే గుర్తులేదండీ!" అన్నాడు. నా వార్త మీద వాళ్ళు ఎందుకు కోప్పడలేదో అప్పుడు అర్థమైంది. "ఆ పేజీ కాస్త వాట్సాప్ చేయరూ, ప్రచారానికి పనికొస్తుంది" అని కూడా అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి వీరరాఘవయ్య గారు ఒక ప్రశ్న వేశారు. "మరి మంత్రి గారు ఏమన్నారమ్మా?"

రోజమ్మ గారు కార్డు వైపు చూసి, "నేను అది రాసుకోలేదండీ" అన్నారు. ఆ మాట అనడానికి ఆమెకు కష్టమైంది. "చూద్దాం. కాస్త టైం పడుతుంది, టీ తాగుతారా?"

మంత్రి జవాబు ముప్పై పేజీలు. ఆమె సగం, నేను సగం చదివాం. తర్వాత మార్చుకుని మళ్ళీ చదివాం. వీరరాఘవయ్య గారు ఎదురుగా కూర్చుని, మేము పేజీ తిప్పినప్పుడల్లా మా ముఖాలు చూస్తున్నారు. ఎరువుల గురించి ఉంది, విత్తనాల గురించి ఉంది. మంత్రి మా ఎంపీ పేరు పలికి ధన్యవాదాలు కూడా చెప్పారు. కాలువ మాట లేదు.

"ఏమీ అనలేదండీ" అన్నాను.

"చివరిదాకా చూశారా?" అని అడిగారాయన. వచ్చినప్పుడు నా మీద ఉన్న కోపం ఆ గొంతులో లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"చూశామండీ, ఇద్దరం."

"అయితే రెండూ రాయండి. ఆయన అడిగిన మాటా, ఈయన చెప్పని మాటా."

ఇన్‌చార్జి గారు ఒప్పుకోలేదు. "సవరణ ఎవరడిగారయ్యా? ఎంపీ అడిగాడా? ఎన్నికల ముందు ఇప్పుడిది వేస్తే మనం ఆయన్ని మోస్తున్నామంటారు. కావాలంటే లోపలి పేజీలో రెండు లైన్లు వేద్దాం" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రెండు లైన్లు నాకు కూడా చాలనిపించింది. మొదటి పేజీలో నా పేరు కింద నా తప్పు నేనే రాసుకోవడానికి మనసొప్పలేదు. రోజమ్మ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఆ ఊళ్ళో అరుగు మీద లోపలి పేజీ చదవరండీ," అన్నారు, నెమ్మదిగా. "పెద్దాయన పరువు మొదటి పేజీలో పోయింది."

ఇన్‌చార్జి గారు ఆమెతో వాదించలేదు. నా వైపు తిరిగి, "నీ పేరుతో వెయ్యనా మరి?" అన్నారు. వెయ్యండి అన్నాను.

"ఎంపీ అడిగారు, మంత్రి బదులివ్వలేదు, మేం పొరబడ్డాం" అని మొదటి పేజీ కింది భాగంలో వచ్చింది. ఎంపీ మనుషులు అందులో ఎంపీ అడిగారన్న ముక్క కత్తిరించి పంచుకున్నారు, ఎదుటి పార్టీ వాళ్ళు మంత్రి బదులివ్వలేదన్న ముక్క పంచుకున్నారు. ప్రెస్‌క్లబ్‌లో కొన్నాళ్ళు నన్ను "ఎంపీ గారూ" అని పిలిచారు. మళ్ళీ మొదటి పేజీలో నా పేరు పడటానికి చాలా కాలం పట్టింది. వీరరాఘవయ్య గారు ఒకసారి ఫోన్ చేసి, పేపరును అరుగు మీద తానే చదివి వినిపించానన్నారు. "కాలువ సంగతి అట్టాగే ఉందిలెండి. కాకపోతే ఇప్పుడు తిట్టుకుంటే నన్ను కాదు, సరైన వాళ్ళనే తిట్టుకుంటున్నారు" అని నవ్వారు.

వార్త వచ్చిన రోజు రోజమ్మ గారు ఆ ఊరి కార్డు మళ్ళీ బయటకు తీశారు. పాత ముక్క కింద, "మంత్రి జవాబులో లేదు. చివరి పేజీ వరకు చూశాం" అని రాసి, తన పొడి అక్షరాలు వేసి, పెన్ను నాకిచ్చారు. నేనూ వేశాను. ఆ తర్వాత ఆమె రాసిన ప్రతి కార్డులోనూ అడిగింది ఒక వరస, బదులు ఒక వరస ఉండేవి. ఎన్నో ఏళ్ళ పద్ధతిని ఒక రైతు అడిగిన ఒక్క ప్రశ్నకు మార్చుకున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు, చిన్నతనంగానూ అనుకోలేదు.

ఆమె రిటైరయ్యారు, కొన్నేళ్ళకు పోయారు. నేను ఇప్పటికీ పార్లమెంటు చర్చలు చదువుతాను. చర్చలు వేరు, ప్రశ్నలు వేరు, జవాబులు వేరు. ఒక్కోసారి ఒక చిన్న మాట కోసం రెండు రోజులు పడుతుంది. "మాట్లాడలేదు" అనో "బదులివ్వలేదు" అనో రాయాల్సి వస్తే, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఏయే పేజీలు చూశానో వార్త చివర ఒక వాక్యం రాస్తాను. డెస్కులో కుర్రాళ్ళు చోటు లేదని దాన్ని కొట్టేస్తారు. తర్వాతి వార్తలో మళ్ళీ రాస్తాను.