కిందేసి చూసే మామ

మా మామ ఏ టమాటానైనా నడుమెత్తు నుంచి కిందికి వదిలి చూసేవాడు. పగలకపోతేనే మంచి రకం. మదనపల్లె మార్కెట్ యార్డుకు ఏళ్ల తరబడి కాయలు తోలిన రైతు అలవాటది.

మిద్దె మీద నా బకెట్లలో రెండు రకాల చెర్రీ టమాటాలు కాశాయి. విత్తనానికి ఏది ఉంచాలో తేల్చడానికి ఆయనే వచ్చాడు. ఎర్రది వదిలితే ఎగిరి పడింది. నేను ఇష్టపడి పెంచిన పసుప్పచ్చది చిట్లిపోయింది.

“తోలు పల్సన. లారీలో నిలబడదు. పీకేస్తానమ్మా” అంటూ మొక్క మొదలు పట్టుకున్నాడు.

ఆయనకు ఎదురు చెప్పడం నాకదే మొదలు. “అది లారీ యాల ఎక్కుతాది మామా? మెట్లు దిగి వంటింట్లోకి వస్తాది, అంతే!”

ఆయన చెయ్యి ఆగింది. చిట్లిన పండును ఏరి నోట్లో వేసుకున్నాడు.

“ఇంత తీపి కాయ నేను ఒగటీ పండియ్యలేదమ్మా. అన్నీ లారీకే.”

ఇంకో పసుపు పండు తుంచి, అలవాటుగా చెయ్యి చాచాడు. వేళ్లు మాత్రం విప్పలేదు.