రెండో అంకె

చాలా ఏళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. ప్రార్థనలో కూడా దాన్ని దాటేస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పెదకాకాని దగ్గర మా ఊరి చర్చిలో స్త్రీల సమాజం కూడిక మధ్యాహ్నం జరిగేది. మిరప కోతలకు వెళ్లే పేట ఆడవాళ్లు ఆ వేళకు చేలో ఉండేవాళ్లు. దాన్ని సాయంత్రానికి మార్చాలని సంతోషమ్మ పట్టుదల. తనూ కోతలకే వెళ్లేది. పాటల్లో నా పక్కనే నిలబడేది, నన్ను వదినా అనేది. "మా పేటోళ్లం ఎంతమందిమో కమిటీలో అన్ని సీట్లియ్యండి" అని అడిగింది. పెద్దలు ఒప్పుకోలేదు. అధ్యక్షురాలి పదవి ఒక్కటే ఖాళీ, దాన్నెలా పంచుతామన్నారు. అయితే చేతులెత్తడం మాని అంకెలు వేయిద్దాం అన్నాను. టీచర్ని కదా, మా ఎమ్మెల్సీ ఓటు అలాగే వేస్తాం: ఇష్టమైనవాళ్లకి ఒకటి, తర్వాతివాళ్లకి రెండు. ఎవరికీ సగం దాటకపోతే, 'ఒకటి'లు తక్కువ వచ్చినవాళ్లను తీసేసి, వాళ్ల ఓట్లను రెండో అంకె పడినవాళ్లకి కలుపుతారు.

ముగ్గురం నిలబడ్డాం. సంతోషమ్మ, నేను, అందరికంటే పెద్దావిడ రాహేలమ్మగారు. ఓటుకు ముందు పేట ఆడవాళ్లు నా దగ్గరికొచ్చారు.

"టీచరమ్మా, పెద్దామె ఉండగా మా పిల్లకి ఒకటేస్తే ఏం బాగుంటది? మర్యాదకి ఆమెకి ఒకటేసి, సంతోషమ్మకి రెండేస్తాం. ఓటు పోదుగా?"

పోతుంది. నాకు తెలుసు.

"ఎక్కడికీ పోదులెండి" అన్నాను.

ఎందుకన్నాను? ఆ కుర్చీ మీద నాకంత ఆశ ఉందా? ఉంది. ఛీ, ఉంది.

అందరికంటే తక్కువ 'ఒకటి'లు సంతోషమ్మకే వచ్చాయి. ముందు ఆమె పేరే కొట్టేశారు. ఆమెకి రెండో అంకె వేసిన చీటీలన్నీ రాహేలమ్మగారి కట్టలోనే ఉండిపోయాయి, వాటిలో రెండో అంకె ఎవరూ చూడలేదు. వాటి మీద ఆమెకి ఒకటి పడుంటే ఆమే ముందుండేది. సంతోషమ్మకి ఒకటి వేసిన కొద్దిమందేమో, తన స్నేహితురాలినని నాకు రెండు వేశారు. ఆ ఓట్లతోనే నేను గెలిచాను.

సంతోషమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పోన్లే వదినా, నా ఓట్లు నీకేగా వచ్చినయ్యి" అంది.

కూడికను సాయంత్రానికి మార్చాను. ఆ ఏడే ఆమె తాడేపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు పాట ఎత్తుకునే ముందు పక్కన ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు కోసం నా చెవి వెతుక్కుంటుంది. ఎంత బెంగో చెప్పలేను. ఫోన్ చేస్తే ప్రేమగా మాట్లాడుతుంది. అదే భరించలేను.

మొన్న కూడా, "నువ్వు గెలిచావు గనకనే మనోళ్లకి కూడిక దక్కింది వదినా" అంది. ఊఁ అన్నాను.

మీ దగ్గర మాత్రం ఊఁ అనను. ఆమె గెలవాల్సింది. నేను గెలవనివ్వలేదు.